కన్వర్టర్ పోయిందన్నారు సరే, దాన్ని పాడుచేసిందెవరు?

ప్రశ్న: నా పెట్రోల్ కారు లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. నెల కిందట ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, పి0420 కోడ్ వచ్చింది, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నాడు. ధర విని కళ్లు తిరిగాయి. కోడ్ చెరిపించుకుని వచ్చేశాను, పది రోజులకు మళ్లీ వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది, కాకపోతే పొద్దున స్టార్ట్ చేశాక కాసేపు వణికి సర్దుకుంటుంది, మధ్యమధ్యలో ఆయిల్ కొంచెం కలపాల్సి వస్తోంది. ఒక స్నేహితుడు రెండో ఆక్సిజన్ సెన్సార్ మారిస్తే చాలంటాడు. ఇంకొకడు కన్వర్టర్ లోపలిదంతా తీయించి ఖాళీ డబ్బా పెట్టించెయ్, పికప్ పెరుగుతుంది అంటాడు. ట్యాంకులో పోసే క్లీనర్ సీసా ఒకటి కొన్నాను, ఇంకా పోయలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సీసా మూత తీయకండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

మీ ఉత్తరంలో కోడ్ గురించి, ధర గురించి, స్నేహితుల సలహాల గురించి వివరంగా రాశారు గానీ నాకు బాగా పనికొచ్చే ముక్కలు రెండే, ఆ రెండింటినీ మీరు "కాకపోతే" అని పక్కకు నెట్టేశారు. పొద్దున వణుకు, ఆయిల్ తగ్గడం. మీ మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. లక్ష దాటిన బండిలో ఈ కోడ్ వస్తే కన్వర్టర్ నిజంగానే నీరసించి ఉండటం మామూలే. కానీ అది బ్రేక్ ప్యాడ్ లాగా, టైరు లాగా రాసుకుని అరిగిపోయే సామాను కాదు. లోపల కదిలే భాగమంటూ ఏదీ లేదు. ఇంజిన్ సరిగ్గా ఉంటే చాలా బళ్లలో అది బండితో పాటే ముసలిదవుతుంది. ముందే చచ్చిందంటే, పైన ఇంజిన్లో ఏదో దాన్ని కొద్దికొద్దిగా చంపుతూ ఉండి ఉంటుంది. అదేదో కనిపెట్టకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

ఇది నాకు చేతులు కాలాక తెలిసింది. నా పాత కారుకి ఇదే కోడ్ వస్తే, చూపించిన చోట మార్చమన్నారు, మార్చేశాను. లైటు ఆరిపోయింది, పండగ చేసుకున్నాను. ఏడు నెలలు తిరక్కుండా అదే లైటు, అదే కోడ్. అప్పుడు ప్లగ్గులు విప్పి చూస్తే మూడో సిలిండర్ ప్లగ్గు నల్లగా, జిడ్డుగా, నూనెలో ముంచి తీసినట్టుంది. వాల్వ్ సీళ్లు గట్టిపడి ఆయిల్ లోపలికి దిగుతోంది. బండి ఆయిల్ తాగుతోందని నాకు ముందే తెలుసు, అప్పుడప్పుడు ఓ అర లీటరు పోస్తే సరిపోతుంది కదా అని ఊరుకున్నాను. ఆ అర లీటరు ఎటు పోతోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎటు పోతుంది, మంటలో కాలి పొగ గొట్టంలోంచే పోతుంది, దారిలో కన్వర్టర్ ఉంది.

ఇప్పుడు ఆ పి0420 అనే కోడ్ అసలు ఏం చెబుతోందో చూద్దాం, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే. స్కానర్ తెర మీద "కెటలిస్ట్ సామర్థ్యం పరిమితి కంటే తక్కువ" అని వస్తుంది, అది చదివి అందరూ కన్వర్టర్ పోయిందనే అనుకుంటారు. కానీ బండిలోని కంప్యూటర్ కన్వర్టర్ లోపలికి తొంగి చూడలేదు. దానికి కనిపించేవి రెండు ఆక్సిజన్ సెన్సార్ల రీడింగులే. ఒకటి కన్వర్టర్‌కి ముందు, ఒకటి వెనక.

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. కంప్యూటర్ ఆ పాళ్లను పట్టుకుని ఉండాలని చూస్తూ, క్షణం సేపు పెట్రోలు కాస్త ఎక్కువ, క్షణం సేపు కాస్త తక్కువ చేస్తూ ఉంటుంది. కావాలనే అలా చేస్తుంది. పాతరకం ముందు సెన్సార్ అయితే ఆ ఊగిసలాట 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు దాకా ఎగిరిపడుతూ కనిపిస్తుంది. కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి పింగాణీ గూడు, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత, వాటితో పాటు సీరియం ఆక్సైడ్ ఉంటాయి. ఈ సీరియం పని ఆక్సిజన్ ఎక్కువగా వచ్చినప్పుడు దాచుకోవడం, తక్కువైనప్పుడు బయటికి వదలడం. చెరువు లాంటిదన్నమాట. పైనుంచి వాగు ఒకసారి పోటెత్తుతుంది, ఒకసారి ఎండుతుంది, కానీ తూము కింద కాలవ నిలకడగానే పారుతుంది. అందుకే మంచి కన్వర్టర్ వెనక సెన్సార్ దాదాపు 0.6, 0.7 వోల్టుల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. చెరువు పూడిపోయిందనుకోండి, పైన ఎలా వస్తే కింద అలా పోతుంది, వెనక సెన్సార్ కూడా ముందుదానితో పాటే ఎగరడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ పట్టుకునేది ఈ ఎగురుడునే. చాలా బళ్లలో వరుసగా రెండు ప్రయాణాల్లో అదే కనిపిస్తే గానీ లైటు వెలిగించదు. పైగా ఆ పరీక్ష ఇంజిన్ బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో నడిచినప్పుడే జరుగుతుంది. మీరు కోడ్ చెరిపిస్తే పది రోజులు లైటు రాకపోవడానికి కారణం అదే, బండి బాగుపడి కాదు.

అంటే ఆ ఎగురుడుకి కారణం కన్వర్టరే కావాలని లేదు. వెనక సెన్సార్ దగ్గర గొట్టంలో చిన్న లీకున్నా చాలు. పొగ ఒక్క ధారగా రాదు, దడదడమని విడివిడిగా తోసుకుంటూ వస్తుంది, ఆ రెండు తోపుల మధ్య గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్‌కి ఆ గాలి తగిలి ఆక్సిజన్ ఎక్కువైందని కంప్యూటర్‌కి చెబుతుంది. కన్వర్టర్‌కి ఏ పాపం తెలియదు.

కాబట్టి మొదటి పని, ఖర్చు లేని పని, లీకు వెతకడం. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బండిని ఆరుబయట పెట్టి స్టార్ట్ చేసి చెవి పెట్టండి. మూసిన షెడ్డులో మాత్రం వద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ దగ్గర గానీ గొట్టాల జాయింట్ల దగ్గర గానీ టిక్కు టిక్కుమని శబ్దం వచ్చి, ఇంజిన్ వేడెక్కే కొద్దీ తగ్గిపోతే అది లీకే. వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది, అందుకే షెడ్డుకి తీసుకెళ్లేసరికి శబ్దం ఉండదు, మెకానిక్ మిమ్మల్ని వింతగా చూస్తాడు. జాయింట్ల చుట్టూ నల్లటి మసి చారలు ఉన్నాయేమో కూడా చూడండి. గ్లౌజు వేసుకుని మందపాటి గుడ్డతో వెనక పొగ గొట్టం మూతిని కొన్ని క్షణాలు అదిమిపెట్టమని ఎవరికైనా చెబితే, లీకున్న చోట బుస్సుమని తెలిసిపోతుంది. లీకు దొరికితే గ్యాస్కెట్ మార్చి, లేదా వెల్డింగ్ చేయించి, కోడ్ చెరిపి తిరగండి. కథ అక్కడితోనే అయిపోవచ్చు.

ఒక మెలిక కూడా చెప్పాలి. లీకు అనేది ముందు సెన్సార్ కంటే పైన, అంటే ఇంజిన్ వైపు ఉంటే ఇంకా దారుణం. ఆ సెన్సార్ గాలి ఎక్కువైందని అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది, ఆ పెరిగిన పెట్రోలు నిజంగానే వచ్చి కన్వర్టర్‌ని కాలుస్తుంది. చిన్న గ్యాస్కెట్ పోయి, పెద్ద సామాను పోవడం ఇలాగే జరుగుతుంది.

రెండోది స్కానర్. ఫోనుకి కలిసే చిన్న స్కానర్ చాలు, కాకపోతే లైవ్ డేటా, అంటే అప్పటికప్పటి రీడింగులు చూపించేది కావాలి, కోడ్ మాత్రమే చూపించేది వద్దు. ఈసారి దేన్నీ చెరపకముందే అన్నీ రాసుకోండి. పి0420 పక్కన ఇంకేమైనా కోడ్‌లున్నాయా, ఇంకా లైటు వెలిగించకుండా పెండింగులో ఉన్నవేమైనా ఉన్నాయా, ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంటుంది, కోడ్ పడిన క్షణంలో బండి ఎంత వేగంలో, ఎంత వేడిలో ఉందో అందులో ఉంటుంది. మీ మొదటి కోడ్‌ది చెరిపించినప్పుడే పోయింది. పి0300 గానీ, పి0301 నుంచి మొదలయ్యే వరుసలోవి గానీ కనిపిస్తే అవి సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోవడం లేదని చెప్పే మిస్సింగ్ కోడ్‌లు, చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది, సున్నా అయితే ఫలానా సిలిండరని తేలలేదన్నమాట. పి0171 ఉంటే పెట్రోలు తక్కువ, పి0172 ఉంటే ఎక్కువ. ఇవేవైనా పి0420తో కలిసి ఉంటే పి0420ని మర్చిపోయి ముందు వీటి పని పట్టండి.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. అంటే కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు పెంచుతోందో, తగ్గిస్తోందో చూపించే అంకెలు. తాత్కాలికం, దీర్ఘకాలికం అని రెండుంటాయి, రెండూ కలిపి పది శాతానికి అటూ ఇటూ లోపలే ఉంటే కంగారు లేదు. ప్లస్ పదిహేను, ఇరవై దాకా పోతుంటే ఎక్కడో గాలి లీకో, పెట్రోల్ పంపు బలహీనమో. మైనస్ పదిహేను దాకా ఉంటే ఇంజెక్టర్ కారుతోందేమో, పెట్రోలు ఆవిరి ఎక్కువగా వస్తోందేమో చూడాలి. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి, రెండూ రాసుకోండి.

ఇప్పుడు కన్వర్టర్ పరీక్ష. ఓ ఇరవై నిమిషాలు బండి నడిపి బాగా వేడెక్కించాక, ఇంజిన్‌ని 2,500 దగ్గర రెండు మూడు నిమిషాలు నిలకడగా రేస్ చేస్తూ వెనక సెన్సార్ వోల్టేజీ గ్రాఫ్ చూడండి. అర వోల్టుకి పైన దాదాపు గీత గీసినట్టుంటే కన్వర్టర్‌లో ప్రాణం ఉన్నట్టే. కిందకీ పైకీ గబగబా కొట్టుకుంటూ ఉంటే, లీకు కూడా లేదని తేల్చుకున్నాక, పోయిందనుకోవచ్చు. కొత్త బళ్లలో ముందు సెన్సార్ వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, దాని వోల్టేజీ అలా ఎగిరిపడదు, అందుకని రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి పోల్చకండి, వెనకదాన్నే చూడండి. నడుపుతూ యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు వెనక సెన్సార్ సున్నా దగ్గరికి పడిపోతుంది, అది చూసి గాబరా పడకండి, అప్పుడు పెట్రోలు ఆపేస్తారు కాబట్టి గొట్టంలో ఉండేదంతా గాలే.

ఆ సంగతే సెన్సార్ పరీక్షకి పనికొస్తుంది. ఒక్కసారిగా రేస్ చేస్తే వోల్టేజీ 0.8 దాకా లేవాలి, వదిలితే 0.1 కిందకి పడాలి, అదీ చురుగ్గా. అలా రెండు వైపులా కదులుతోందంటే సెన్సార్ బతికే ఉంది. ఇక్కడే మీ మొదటి స్నేహితుడి మాట దగ్గరికొద్దాం. ఆలోచించండి, వెనక సెన్సార్ ముసలిదై మందగిస్తే అది ఎగరడం తగ్గిస్తుంది, పెంచదు. అంటే మందగించిన సెన్సార్ వల్ల చచ్చిన కన్వర్టర్ కూడా బతికున్నట్టు కనబడుతుందే తప్ప, బతికున్నది చచ్చినట్టు కనబడటం అరుదు. అయినా లోకంలో ఈ కోడ్‌కి ముందుగా మార్చేది ఆ సెన్సార్‌నే, అందుబాటు ధరలో దొరుకుతుంది కాబట్టి, కోడ్ చెరిపాక పది రోజులు లైటు రాదు కాబట్టి బాగైందనుకుంటారు. సెన్సార్‌దే తప్పయితే చాలాసార్లు పి0136 నుంచి పి0141 వరకు ఉన్న కోడ్‌లలో ఏదో ఒకటి పడుతుంది. మీకు పడినట్టు లేదు.

ఇంకో ప్రశ్న, కన్వర్టర్ బలహీనపడిందా, మూసుకుపోయిందా? రెండూ వేరు. బలహీనపడితే లైటు తప్ప మీకేమీ తెలియదు. మూసుకుపోతే మాత్రం బండి లాగదు, ఎత్తు ఎక్కదు, ఎంత తొక్కినా ఊపిరాడనట్టు ఉంటుంది, కింద విపరీతమైన వేడి. మీరు మామూలుగా నడుస్తోందంటున్నారు కాబట్టి మీది మూసుకుపోలేదనే నా అంచనా. అనుమానముంటే మెకానిక్‌ని ముందు సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టమనండి. ఐడ్లింగ్‌లో ఒకటింపావు పిఎస్ఐ లోపల, 2,500 దగ్గర మూడు లోపల ఉండాలి, అంతకు మించితే పొగ బయటికి పోలేకపోతోందన్నమాట. చల్లారాక రబ్బరు సుత్తితో డబ్బాని మెల్లగా తట్టి చూడటం కూడా మంచిదే. లోపల గలగలమంటే పింగాణీ గూడు పగిలింది, ఇక దానికి వేరే పరీక్ష అక్కర్లేదు. కొందరు టెంపరేచర్ గన్ తెచ్చి ముందూ వెనకా వేడి కొలిచి తీర్పు చెబుతారు. పాత ఇంజిన్లకి అది కొంత పని చేసేది. ఇప్పటి ఇంజిన్లలో పొగ ముందే చాలా శుభ్రంగా వస్తుంది, కాల్చడానికి మిగిలేది తక్కువ, కాబట్టి తేడా కనబడకపోయినా కన్వర్టర్ బాగానే ఉండొచ్చు. నేనైతే ఆ ఒక్క లెక్క మీద పైసా ఖర్చు పెట్టను.

సరే, పరీక్షలన్నీ చేశాక కన్వర్టరే పోయిందని తేలిందనుకుందాం. ఇప్పుడు ఆ వణుకు దగ్గరికి రండి.

పొద్దున మాత్రమే వణికి తర్వాత సర్దుకునే బండికి నాలుగైదు రోగాలు ఉండొచ్చు. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ బలహీనం, ప్లగ్గు అరుగుదల, రాత్రంతా ఒక్కో చుక్క కార్చే ఇంజెక్టర్, రాత్రంతా ఒక సిలిండర్లోకి దిగే కూలంట్, వాల్వ్ సీళ్లలోంచి దిగే ఆయిల్. ప్రతి ఒక్కటీ కన్వర్టర్‌కి శత్రువే, కానీ చంపే తీరు వేరు. మంట అంటుకోకపోతే పెట్రోలు పచ్చిగా వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే ఆ గూడు అప్పుడు వెయ్యి దాటిపోతుంది, పూత పాడవుతుంది, ఇంకా పెరిగితే పింగాణీయే కరిగి ముద్దవుతుంది. ఆయిల్ అయితే అలా ఒక్కసారిగా చంపదు. అందులో అరుగుదల తగ్గించడానికి కలిపే భాస్వరం, జింకు పూత మీద పొరలా పేరుకుంటాయి. కూలంట్‌లోని లవణాలూ అంతే. విషం ఎక్కించడం అనుకోండి. దీనికి పాత ఉదాహరణ సీసం. అమెరికాలో 1975 మోడళ్ల నుంచి కార్లకి కన్వర్టర్లు విరివిగా వచ్చినప్పుడు వాటి కోసమే సీసం లేని పెట్రోలు కూడా అమ్మాల్సి వచ్చింది, ఎందుకంటే సీసం పెట్రోలు పోస్తే కొన్ని ట్యాంకులకే పూత చచ్చిపోయేది. కార్లకి సీసం పెట్రోలు అమ్మకం ప్రపంచమంతా పూర్తిగా ఆగింది 2021లోనే.

కాబట్టి నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా వరసగా ఒక గుడ్డ మీద పెట్టండి. లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. తడి జిడ్డు నలుపయితే ఆయిల్. మూడు మాసిపోయి ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి కూలంట్ పోతోందని అనుమానించండి, రేడియేటర్ డబ్బాలో మట్టం వారం పాటు గుర్తుపెట్టి చూసుకోండి. కాయిల్ మీద అనుమానమైతే పక్క సిలిండర్‌దానితో మార్చి పెట్టండి, మిస్సింగ్ కోడ్ కూడా పక్కకి మారితే దొంగ దొరికినట్టే. అయితే, ఒక్కో కాయిల్ వైరు పీకి ఇంజిన్ నడిపి చూసే పాత అలవాటు ఉంటే మానేయండి, ఆ కాసేపట్లో పచ్చి పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లో పడుతుంది. బ్యాటరీ దిగిపోయిన బండిని పదే పదే తోసి స్టార్ట్ చేయడమూ అలాంటిదే.

ఆయిల్ విషయానికొస్తే, పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్క గుప్పున వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు. నడుస్తున్నప్పుడు, తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. అంత పెద్ద పనులకి దిగే ముందు ఇంజిన్ లోపలి ఆవిర్లని తిరిగి మంటలోకి పంపే పిసివి వాల్వ్ అనే చిన్న ముక్కని చూడమనండి, అది ఇరుక్కుపోతే ఇంజిన్ తన ఆయిల్‌ని తానే పీల్చుకుంటుంది, మార్చడం కూడా పెద్ద పనేం కాదు. గేజు మీద పై గీత దాకా నింపి, వెయ్యి కిలోమీటర్లకి ఎంత దిగిందో కొలిచి రాసుకోండి. "మధ్యమధ్యలో కొంచెం" అంటే నాకూ తెలియదు, మీ మెకానిక్‌కీ తెలియదు.

ఇక ఆ సీసా. కన్వర్టర్‌లో పేరుకున్నది మెత్తటి మసి మాత్రమే అయితే, అదీ కొత్తగా పేరుకున్నదైతే, ఆ క్లీనర్ గానీ ఊరికే ఒక గంట మంచి వేగంతో రోడ్డు మీద నడపడం గానీ కాస్త పని చేయొచ్చు. భాస్వరం పొరని, కరిగిన పింగాణీని, పోయిన పూతని ఏ సీసా వెనక్కి తీసుకురాలేదు. కన్వర్టర్ విప్పి సబ్బు నీళ్లలోనో యాసిడ్‌లోనో నానబెట్టే విద్య కూడా చూస్తుంటాం, పనికొచ్చే పూత కూడా దాంతో పాటే పోతుంది. లోపలిది తీసేయించమన్న రెండో స్నేహితుడిది తలనొప్పికి తల తీసేసే వైద్యం. ఇప్పటి కన్వర్టర్ బాగుంటే అది అడ్డుకునే శక్తి చాలా తక్కువ, తీసేసినా మీకు తెలిసేంత పికప్ రాదు. మూసుకుపోయినదాన్ని తీసినవాడికి తేడా తెలుస్తుంది, కొత్తది వేసినా అదే తేడా తెలిసేది. పైగా చాలా చోట్ల అది నేరం, పొగ పరీక్షలో నెగ్గరు, లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని మోసం చేయడానికి వెనక సెన్సార్‌ని దూరంగా నిలబెట్టే స్పేసర్లు అమ్ముతారు. థర్మామీటర్‌ని నీళ్లలో ముంచి జ్వరం తగ్గిందనుకోవడమే అది, నేను సలహా ఇవ్వను.

కొనే ముందు రెండు కనుక్కోండి. మీ మోడల్‌కి ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ సవరణ ఏమైనా వచ్చిందేమో కంపెనీ సర్వీసులో అడగండి, కొన్ని మోడళ్లలో ఈ పరీక్ష మరీ కచ్చితంగా పెట్టేసి తర్వాత తయారీదారులే సడలించిన సందర్భాలున్నాయి. ఇంకోటి వారంటీ, కొన్ని దేశాల్లో పొగకి సంబంధించిన భాగాలకి మామూలు వారంటీ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, హ్యాండ్‌బుక్ చివరి పేజీలు తిరగేయండి.

మార్చాల్సి వస్తే మరీ చవకది వద్దు. ధర తేడా డబ్బాలో ఉండదు, లోపలి పూతలో ఉంటుంది. విలువైన లోహం తక్కువ పూసినవి ఏడాది తిరక్కుండా అదే కోడ్ ఇస్తాయి. కంపెనీది అందనంత ధరైతే, మీ ఇంజిన్‌కి సరిపోతుందని రాసి, వారంటీ ఇచ్చే బయటి తయారీ తీసుకోండి. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి వేయించండి, పాతవి తిరగేసి పెట్టనివ్వకండి. సెన్సార్ల మరలు బిగుసుకుపోకుండా రాసే యాంటీ సీజ్ పేస్టు మర మీదే ఉండాలి, మొనకి తగలకూడదు. మామూలు సిలికాన్ పేస్టు జాయింట్లలో పెడతానంటే ఒప్పుకోకండి, సిలికాన్ ఆవిరి సెన్సార్‌కీ పూతకీ విషం. కొత్త డబ్బాని సుత్తితో కొట్టి సర్దితే అక్కడే పగులుతుంది.

పాతదాన్ని మాత్రం షెడ్డులో వదిలేయకండి. ఒకటి, అందులోని లోహాలకి తుక్కులో కూడా మంచి ధర ఉంటుంది, అది మీది. రెండోది నాకు ముఖ్యం, అది పోస్టుమార్టం రిపోర్టు. టార్చి వేసి రెండు వైపుల నుంచి చూడండి. గూళ్లు కరిగి ముద్దగా ఉంటే పచ్చి పెట్రోలు పని. ముక్కలై ఉంటే దెబ్బ తగలడమో, సలసల కాగే డబ్బా మీద నీళ్లు పడటమో. జిడ్డు మసి ఉంటే ఆయిల్. ముందు మొహం మీద బూడిద రంగు పొర ఉంటే ఆయిల్ బూడిదో కూలంటో.

అప్పటిదాకా బండి నడపొచ్చా అంటే, లైటు నిలకడగా వెలుగుతూ, పికప్ తగ్గకుండా ఉంటే కొన్ని వారాలు నడపొచ్చు, ఊడిపడేదేమీ లేదు. లైటు టపటపా కొట్టుకుంటే మాత్రం తీవ్రంగా మిస్సింగ్ అవుతోందని అర్థం, కాలు తీసేసి పక్కకి ఆపేయండి, అలాగే ఇంకో పది కిలోమీటర్లు లాగితే బాగున్న కన్వర్టర్ కూడా కరిగిపోగలదు. ఎండుగడ్డి మీద పార్క్ చేయకండి, కింద డబ్బా వేడికి అంటుకుంటుంది.

ఈ వారం లీకు చూసి, ట్రిమ్ అంకెలు రెండు చోట్లవి రాసుకుని, నాలుగు ప్లగ్గుల్నీ వరసలో పెట్టి ఫోటో తీసి పంపండి. ఎడమ నుంచి ఒకటో సిలిండర్ ఏదో రాయడం మర్చిపోకండి, లేకపోతే ఆ ఫోటో నాకెందుకూ పనికిరాదు.